ఆచూకీ అడిగినవాళ్ళు

ప్రింటరు ఆగగానే ప్రేమకుమారి కాగితం చింపి కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళింది. పొద్దుటి నుంచి మూడు ఊళ్ళ కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగిన ప్రశ్నలూ, ఇచ్చుకున్న జవాబులూ అందులో ఉన్నాయి. ఈ పథకం నచ్చితే జిల్లా అంతా పెట్టిస్తామన్న అధికారులు మర్నాడు ఢిల్లీ నుంచి వస్తున్నారు. మాచర్ల ఫోను లైను ఎంత గరగరలాడినా అక్కడి ప్రశ్న తనున్న నరసరావుపేట దాకా చేరుతోందా, జవాబు చెడకుండా వెనక్కి వెళ్తోందా అన్నదే ఆమె బెంగ.

వెళ్తోంది. భోజనాల వేళ మాచర్ల అడిగిన ఒక ప్రశ్నకు నరసరావుపేట కొద్ది సెకన్లలో జవాబు పంపింది. ఒక్క అక్షరం చెడలేదు. రెండోసారి అడగాల్సిన అవసరం రాలేదు. అంత శుభ్రంగా నడిచిన ప్రశ్న ఈ మధ్య లేదు. ఆమె సంతోషంగా పక్కన టిక్కు పెట్టి, ఆ తర్వాత అందులోని పేరు చదివింది.

చెన్నమ్మ. సొంతూరు వెల్దుర్తి.

జవాబు: రొంపిచెర్ల, చర్చి వీధి, హన్నమ్మ ఇల్లు.

ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టి మళ్ళీ చదివింది. పేరు మారలేదు.

ఆ పథకానికి 'ఆచూకీ' అని పేరు పెట్టింది ప్రేమకుమారే. బడిపంతులు కృపావరం గారి కూతురు. మద్రాసులో ఎంటెక్ చదివే రోజుల్లో విదేశాల్లోని కంప్యూటర్ నెట్‌వర్కుల గురించి వచ్చిన కాగితాలు సంపాదించి చదివేది. వాటిలో ఆమెకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. అందరి పేర్లూ ఒకేచోట పోగెయ్యక్కర్లేదు. ఎవరి పేర్లు వాళ్ళ దగ్గరే ఉంచుకుని, తమ దగ్గర లేని పేరు ఎవరి దగ్గర ఉందో చెప్పగలిగితే చాలు. ఆ సంగతి చదువుతుంటే ఆమెకు సొంత ప్రాంతమే గుర్తొచ్చింది. పల్నాడులో ఫోన్లున్న ఇళ్ళు తక్కువ. మనుషులేమో ఒకచోట ఉండరు. క్వారీలకూ కాలవ పనులకూ మిరపకోతలకూ తిరుగుతూనే ఉంటారు. ఇంట్లో ఎవరి ప్రాణం మీదికైనా వస్తే, పనికి పోయినవాళ్ళకు కబురు అందేసరికి అంతా అయిపోతుంది.

హైదరాబాదులోని ఒక సంస్థ ఒప్పుకుని, నరసరావుపేట, గురజాల, మాచర్లల్లో ఒక్కో కంప్యూటరూ ఒక్కో మోడెమూ పెట్టించింది. ఇష్టమున్నవాళ్ళు దగ్గర్లోని కౌంటరుకు వచ్చి, తామిప్పుడు ఎక్కడ ఉంటున్నదీ చెప్పి పోతారు. ఇంటివాళ్ళు ఏ కౌంటరులో అడిగినా కంప్యూటర్లు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకుంటాయి. ప్రశ్న ఎలా ఉండాలి, జవాబు ఎలా ఉండాలి, మధ్యలో లైను తెగితే ఎవరు మళ్ళీ పిలవాలి అన్న నియమాలన్నీ ఆమె రాసినవే. ఆ నియమాలను ప్రోటోకాల్ అంటారు; ఆ మాటను ఇంట్లో అమ్మ కూడా పలకటం నేర్చుకుంది.

చెన్నమ్మను మిరపకోతల మొదట్లో నరసరావుపేట కౌంటరుకు తీసుకొచ్చింది హన్నమ్మ. ఆమె ప్రేమకుమారికి వరసకు పిన్ని. చెన్నమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడే మాట్లాడింది.

"మా అమ్మకి ఒంట్లో బాగుండట్లేదమ్మా. ఏదన్నా అయితే నాకు తెలవాల. అందుకే చెప్తన్నా. ఇంకెవరికీ చెప్పమాకండి."

"ఎవరికీ చెప్పంలేమ్మా," అంది ప్రేమకుమారి. ఆ సమయంలో ఆమె కళ్ళు స్క్రీను మీద ఉన్నాయి. అడిగినవాళ్ళకు చెప్పటమే ఆ యంత్రం పని అన్న సంగతి అప్పుడు తట్టనే లేదు.

ఆ తర్వాతి ఆదివారం హన్నమ్మ మిగతా కథ చెప్పింది. మాచర్ల పక్కన ఒక క్వారీలో సైరను మోగించకుండా మందు పేల్చారు. ఇద్దరు కూలీలు రాళ్ళ కింద పోయారు. సైరను మోగించామని క్వారీవాళ్ళు, మోగలేదని అక్కడే పనిచేసే చెన్నమ్మ. మొదట ఆమెతోపాటు చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. చెన్నమ్మ గుడిసె మీద రాళ్ళు పడ్డాయి. అందుకే ఆమె రొంపిచెర్ల వచ్చి మిరపకోతల ముఠాలో కలిసిపోయింది. సాక్ష్యం చెప్పాల్సింది ఇప్పుడు వచ్చే వారమే, గురజాల కోర్టులో.

అంతా విని కూడా, ఆమె పేరు కంప్యూటరులో ఉందన్న ఆలోచన ప్రేమకుమారికి రాలేదు.

ఆమె మాచర్ల కౌంటరు చూసే అంతోనికి ఫోను తిప్పింది. లైను దొరకగానే అడిగింది.

"అంతోనీ, మధ్యాహ్నం చెన్నమ్మ అని అడిగిందెవరు?"

"ఇద్దరొచ్చారు మేడం, జీపులో. వాళ్ళమ్మకి సీరియస్సంట. ఒకతనైతే ఏడుస్తన్నాడు పాపం. అడ్రసు రాసిచ్చా."

"ఎవరో కనుక్కున్నావా?"

"అది కనుక్కోమని మనకి రూల్లో లేదు గదా మేడం."

"జీపు ఎవరిది?"

అవతల గరగర. అంతోని గొంతు వచ్చి పోయి మళ్ళీ వచ్చింది. "తలుపు మీద క్వారీ పేరు రాసుంది. ఏం మేడం? చెప్పకూడదా ఏంది?"

"ఎప్పుడెళ్ళారు?"

"అప్పుడే పోయారు. ఈపాటికి కారంపూడి దాటేసుంటారు."

ఆమె ఫోను పెట్టి కీబోర్డు ముందు కూర్చుంది. చెన్నమ్మ పేరు తీసేసింది. తీసేసిందా లేదా అని మళ్ళీ వెతికి చూసుకుంది. రొంపిచెర్లకు కాల్ బుక్ చేసి చూసింది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చి లేచి పక్కగదిలోకి పరుగెత్తింది.

పథకం పెద్ద పున్నారావు గారు రేపటి ఏర్పాట్ల మధ్య ఉన్నారు. ఆమె చెప్పిందంతా కళ్ళజోడు తీసి పట్టుకుని విన్నారు.

"నిజంగా తల్లికే బాగాలేదేమో ప్రేమా."

"అయితే క్వారీ జీపెందుకు సార్?"

"పోలీసులకు ఏమని చెప్తాం? ఒకతను చెన్నమ్మ అడ్రసు అడిగాడనా?"

"రొంపిచెర్లకు కాల్ బుక్ చేశాను. లైను దొరకలేదు. సార్, మాచర్ల మెషిన్ ఆపెయ్యాలి. ఇక్కడ పేరు తీసేశాను గానీ జవాబు కాపీ ఒకటి అక్కడ ఉండిపోయింది. రేపటి దాకా ఎవరు అడిగినా అది మనల్ని అడక్కుండానే చెప్పేస్తుంది."

లైను బాగుండదు కదా, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ పంపటం దండగ అని, వచ్చిన జవాబును ఒకరోజు దాచుకోమన్న నియమం కూడా ఆమెదే.

"రేపు డెమో పెట్టుకుని మెషిన్ ఆపమంటున్నావా?" పున్నారావు గారి గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా వినిపించింది. "ఏడాదిన్నర పని."

ఆమె ఆయన బల్ల మీది ఫోనే అందుకుని మాచర్లకు కలిపి, కంప్యూటరు ఆపి ప్లగ్గు తీసెయ్యమని అంతోనికి చెప్పింది. పున్నారావు గారు చూస్తూ కూర్చున్నారు. ఆమె ఫోను పెట్టాక, "కారు తీసుకెళ్ళు. కొండలు కింద ఉన్నాడు," అన్నారు.

కొండలు అద్దె అంబాసిడరు డ్రైవరు. రేపు గుంటూరు నుంచి అధికారులను తేవటానికని కారు కడిగి పెట్టుకున్నాడు. దుమ్ము దారిలోకి అనగానే మొహం మాడ్చాడు గానీ, సంగతి విన్నాక ఇంకేం అనకుండా బండి తీశాడు.

దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే దగ్గు. ఎదురొచ్చే ప్రతి జీపులోకీ ప్రేమకుమారి తొంగి చూసింది, వెనక సీట్లో ఆడమనిషి ఉందేమోనని. ఒక జీపులో ఎర్రచీర కనబడితే కొండలు చేత కారు ఆపించి వెనక్కి తిప్పించబోయింది. అంతలో ఆ చీర కట్టుకున్న మనిషి ఒళ్ళో పెళ్ళిసామాను బుట్ట కనిపించింది.

"మరీ అంత కంగారు పడమాకండమ్మా," అన్నాడు కొండలు. "పట్టపగలు. ఊళ్ళో జనం ఉంటారు."

"జనం ఉంటే ఏం? అమ్మకి బాగాలేదని చెప్తే తనే ఎక్కుతుంది."

కొండలు యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కాడు.

రొంపిచెర్లలో హన్నమ్మ వాకిట్లోనే ఎదురైంది. ప్రేమకుమారిని చూసి చెయ్యి పట్టుకుంది.

"ఏందే, చెప్పాపెట్టకుండా? నువ్వూ చెన్నమ్మ కోసమేనా?"

"ఎక్కడుంది పిన్నీ?"

"చేలోకి పోయింది. ఇందాక ఎవరో ఇద్దరొచ్చారు. ఒకడు వాళ్ళన్నంట. నాకెందుకో నమ్మబుద్ధి కాలా. ఇక్కడెవరూ లేరు పొమ్మన్నా. నేను లోపలికి పోంగానే ఎదురింటి ముసలాయన చేనెటో చూపిచ్చాడు." హన్నమ్మ తలుపుకు గొళ్ళెం పెట్టి తాళం వేసింది. "పా, నేనూ వస్తా."

ఊరు దాటిన డొంకలో, చింతచెట్టు పక్కన క్వారీ జీపు ఆగి ఉంది. ఇంజను ఆపలేదు. కొండలు దాని వెనకే కారు ఆపాడు. ప్రేమకుమారి దిగి చేలోకి నడిచింది. కాదు, పరుగెత్తింది.

చెన్నమ్మ అక్కడే ఉంది. మిరపకాయల రాశి పక్కన, ఒడి కట్టుకుని నిలబడి ఉంది. కోత కోసే ఆడవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. ఆమె ఎదురుగా ఒకతను గొంతుక్కూర్చుని ఏడుస్తున్నాడు. ఇంకొకతను, తెల్ల లుంగీ, చేతిగడియారం, కొంచెం ఎడంగా నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాడు. అతను క్వారీ మేస్త్రీ అంకారావు అని హన్నమ్మ వెనకనుంచి చెప్పింది. జీపు మీది పేరు చూశాక, చెన్నమ్మ చెప్పిన గుర్తులను బట్టి ఆమె పోల్చుకుంది.

"అమ్మ కళ్ళు తెరవట్లేదే," అంటున్నాడు ఏడుస్తున్నతను. అతను యల్లమంద, చెన్నమ్మ అన్న. "నీ పేరే పలవరిస్తంది. పా పోదాం."

"ఆయనెందుకొచ్చాడు?" అంది చెన్నమ్మ, మేస్త్రీ వైపు చూడకుండా.

అంకారావే జవాబు చెప్పాడు. "జీపిచ్చింది మా క్వారీ సారు గాబట్టి వచ్చా. బస్సుల మీద పోతే నువ్వు చేరేసరికి ఎట్టుంటదో. దోవలో సారు దగ్గర ఓ నిమిషం దిగి, ఆడ్నించి ఆస్పత్రికి పోదాం."

"ఆస్పత్రి ముందా, సారు ముందా?"

"దోవలోనే గదమ్మా."

చెన్నమ్మ తల తిప్పినప్పుడు ప్రేమకుమారి కనబడింది. ఆమె మొహంలో మొదట ఏమీ లేదు. ఆ తర్వాత అర్థమైంది.

"నువ్వా చెప్పింది? ఎవరికీ చెప్పనన్నావు గదమ్మా."

"మెషిన్ చెప్పింది. ఆ మెషిన్ని అట్లా చేసింది నేనే," అంది ప్రేమకుమారి. క్షమించమనటానికి అది సమయం కాదనిపించింది. యల్లమంద దగ్గర కూర్చుని, అమ్మ ఎక్కడుంది, ఎవరు చేర్చారు, డాక్టరేమన్నాడు అని అడిగింది. అతను ఏడుపు మధ్యనే అన్నీ చెప్పాడు. రాత్రి నుంచి ఆయాసం, పొద్దున్నే ఎడ్లబండి మీద మాచర్ల తీసుకుపోవటం, సెలైను, తలగడ లేని మంచం.

"వాడికి అబద్ధం చెప్పటం రాదు," అంది చెన్నమ్మ. "అమ్మకి బాగాలేనిది నిజమే. నేను పోవాల."

"మా కారులో పోదాం. నేరుగా ఆస్పత్రికే. పిన్ని కూడా వస్తుంది."

అంకారావు సిగరెట్టు పారేశాడు. "వాళ్ళింటి యవ్వారం మీకెందుకు మేడం?" అంటూ ముందుకొచ్చి చెన్నమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. "పా, అమ్మ కోసమే గదా ఇంత దూరం వచ్చింది."

"చెయ్యి తియ్యవయ్యా," అంది ముఠా పెద్ద సీతారావమ్మ. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆమె అనగానే ఆడవాళ్ళందరూ నాలుగడుగులు ముందుకొచ్చారు. వాళ్ళ చేతులన్నీ మిరప ఘాటుతో ఎర్రగా ఉన్నాయి.

అంకారావు చెయ్యి తీశాడు. నవ్వాడు కూడా. "సరే, నీ ఇష్టం. మీ అన్న ఇంకా మా క్వారీలోనే పనిచేస్తన్నాడు. అదొక్కటి గుర్తుంటే చాలు."

చెన్నమ్మ ఒడి విప్పి కాయలు రాశిలో పోసింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుని అన్న వైపు తిరిగింది. "అన్నా, నువ్వు ఏ బండి ఎక్కుతావు?"

యల్లమంద కారు వైపు చూశాడు, జీపు వైపు చూశాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, తల వంచుకుని వెళ్ళి జీపెక్కాడు.

మాచర్ల దారి పొడవునా ఆ జీపు వాళ్ళను వదల్లేదు. కాసేపు వెనక వచ్చింది. హారను కొట్టి దాటిపోయింది. ముందు మలుపులో రోడ్డు పక్కన ఆగి, వీళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ వెనకబడింది. ఒకచోట దాటుతూ మరీ పక్కకు వస్తే కొండలు కారును మట్టిలోకి దింపాల్సి వచ్చింది. మట్టిలో కొంతదూరం పోయాక గానీ కారు మళ్ళీ తారు మీదికెక్కలేదు. వెనక సీట్లో హన్నమ్మ పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది.

చెన్నమ్మ ఏడుస్తోంది గానీ కళ్ళు తుడుచుకోవటం లేదు. కారం చేతులు. ముంజేతి పైభాగంతో చెంపలు మాత్రం ఒత్తుకుంటోంది. ప్రేమకుమారి తన చేతిరుమాలు నీళ్ళతో తడిపి ఇచ్చింది. ఆమె తీసుకుని, చేతులు తుడుచుకుని, వాసన చూసుకుని, ఇంకా పోలేదని పక్కన పెట్టేసింది.

"ఆ మిషను ఇంకెవరికన్నా చెప్పుద్దా?" అని అడిగింది కాసేపటికి.

"చెప్పదు. ఆపించాను."

అన్నాక ప్రేమకుమారికి అనుమానం పట్టుకుంది. అంతోని నిజంగా ఆపాడా? ప్లగ్గు తీశాడా, లేక స్క్రీను ఒక్కటే ఆపి ఊరుకున్నాడా? కారంపూడి దాటేటప్పుడు పోస్టాఫీసు దగ్గర ఆగి ఫోను చేద్దామనుకుంది. వెనక జీపు కనబడి ఆగలేదు.

మాచర్ల చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆస్పత్రి వరండాలో తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. చెన్నమ్మ మెట్ల దగ్గరే ఆగింది. ఆయనే క్వారీ యజమాని.

"వచ్చావామ్మా? మంచిపని చేశావు," అన్నాడాయన నెమ్మదిగా. "అమ్మను చూసుకో. వైద్యం సంగతి నేను చూసుకుంటా. మనం తీరిగ్గా మాట్లాడుకుందాం."

చెన్నమ్మ ఆయన్ను దాటి లోపలికి వెళ్ళింది. హన్నమ్మ ఆమె వెనకే, గుమ్మానికి అడ్డంగా, ఇక కదలనన్నట్టు నిలబడింది.

తల్లి రామాయమ్మ కళ్ళు తెరిచే ఉంది. ఇంజెక్షనుకు ఆయాసం కొంచెం తగ్గినట్టుంది. కూతురు వంగగానే ఆమె సెలైను లేని చెయ్యి ఎత్తి, చెన్నమ్మ మొహాన్ని దూరంగా నెట్టినట్టు చేసింది.

"ఎందుకొచ్చావే? రామాకని చెప్పమన్నా గదా వాడితో. చెన్నమ్మను రానీయమాకురా, రానీయమాకురా అని పొద్దుట్నించీ మొత్తుకుంటన్నా."

గుమ్మం దగ్గర నిలబడ్డ యల్లమంద బయటికి వెళ్ళిపోయాడు. చెన్నమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, తల్లి పాదాల మీద తల ఆనించింది. "వచ్చేశాను గదమ్మా. ఇంక అనమాక."

ప్రేమకుమారి అక్కడ నిలబడలేకపోయింది. కౌంటరు ఆస్పత్రికి దగ్గరే. అంతోని చీకటి గదిలో కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. ప్లగ్గు ఊడదీసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆమెను చూడగానే లేచాడు.

"మేడం, సాయంత్రం మళ్ళీ వచ్చారు. వాళ్ళు కాదు, క్వారీ వాళ్ళే ఇంకో ఇద్దరు."

"చెన్నమ్మ కోసమా?"

"గాదు. ఇంకో పేరు. వీరరాఘవమ్మ, సొంతూరు దుర్గి. మిషను చెడిపోయిందన్నా. కొట్టి చూడమన్నారు. కరెంటు లేదన్నా. చానాసేపు ఈడనే నిలబడ్డారు."

ప్రేమకుమారి స్టూలు మీద కూర్చుంది. వీరరాఘవమ్మ ఎవరో ఆమెకు తెలియదు. ఆమె కొడుకు ఆ రాళ్ళ కింద పోయినవాళ్ళలో ఒకడనీ, ఆమె గురజాలలో ఎవరింట్లోనో తలదాచుకుని ఉందనీ తర్వాత తెలిసింది. ఇంతకాలం తను ఆ కంప్యూటర్లలో ఎక్కించిన పేర్లన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. మొగుడి దెబ్బలు తాళలేక వచ్చినవాళ్ళుండొచ్చు. ఊరి గొడవల్లో పారిపోయి వచ్చినవాళ్ళుండొచ్చు. ఎవరి వెనక ఏముందో ఆమె ఎప్పుడూ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఆ సాయంత్రం ఆమె గురజాలకూ ఫోను చేసి అక్కడి కంప్యూటరు కూడా ఆపించింది. ఆ తర్వాత పున్నారావు గారికి చెప్పి, నరసరావుపేటది కూడా ఆపెయ్యమంది. "హన్నమ్మ గారు అక్కడే ఉంటారా?" అని మాత్రం అడిగారాయన. హన్నమ్మ ఉంది. చర్చి తరఫున తెలిసిన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను కూడా పిలిపించుకుంది. ఆ మంచం పక్కన ఒంటరిగా కూర్చునే అవసరం చెన్నమ్మకు రాలేదు. ప్రేమకుమారి రాత్రికే కారులో నరసరావుపేట తిరిగొచ్చింది.

మర్నాడు ఢిల్లీ అధికారులు బస్సు దిగిన మనుషుల్లా నలిగిన బట్టలతో, చిరాకుగా వచ్చారు. వాళ్ళను తెచ్చిన కారు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. స్క్రీను నల్లగా ఉంది. పున్నారావు గారు ఏదో సర్దిచెప్పబోయి, మధ్యలో ఆగి, "మా ఇంజనీరు చెప్తుంది వినండి," అన్నారు.

ఆమె దాచకుండా చెప్పింది. వాళ్ళలో పెద్దాయన ఓపిగ్గానే విన్నాడు.

"దీనికింత గొడవెందుకు? అడిగినవాళ్ళ పేరు కూడా ప్రశ్నలో పెడితే సరిపోతుంది కదా?"

రాత్రంతా ఆమె ఆలోచించింది ఆ సంగతే. అసలు మొదట్లో అడిగేవాళ్ళ పేరు ప్రశ్నలో ఉండేది. ప్రశ్న పొడవైతే పాత లైన్ల మీద చెడిపోతోందని తనే తీసేసింది.

"నిన్న అడిగింది సొంత అన్న సార్. తల్లికి బాగాలేదన్నదీ నిజమే. పేరు రాయించుకున్నా మేం చెప్పేసేవాళ్ళం."

"మరి?"

"అడ్రసు ఎవరికీ ఇవ్వకూడదు. కబురు తీసుకోవాలి. ఆ మనిషి ఉన్న ఊరి కంప్యూటరు దాకా కబురు పోవాలి. అక్కడివాళ్ళు వెళ్ళి ఆ మనిషికి చెప్పాలి. ఆమెకు ఇష్టమైతే వస్తుంది, లేకపోతే లేదు."

"అప్పుడది ఆచూకీ ఎట్లా అవుతుంది? టపా అవుతుంది," అన్నారు పున్నారావు గారు.

"అవనివ్వండి సార్."

జిల్లా అంతా పెడతామన్న పథకం అక్కడితో ఆగిపోయింది. ఉన్న మూడు ఊళ్ళలో మాత్రం ఇంకొన్నాళ్ళు నడుపుకోమన్నారు. ప్రేమకుమారి నియమాలన్నీ మళ్ళీ రాసింది. ఇదివరకు క్షణాల్లో వచ్చే జవాబుకు ఇప్పుడు ఒక పూట పట్టేది, ఒక్కోసారి రెండు రోజులు. జనం విసుక్కున్నారు. అంతోనిని తిట్టినవాళ్ళూ ఉన్నారు. అతను మాత్రం కొత్త రూలు కాగితం గోడకు అంటించి, వచ్చినవాళ్ళందరికీ వేలుపెట్టి చూపించేవాడు.

గురజాల కోర్టులో వాయిదా రోజున ప్రేమకుమారి వెనక బెంచీలో కూర్చుంది. చెన్నమ్మ బోనులోకి ఎక్కి రెండు చేతులా కమ్మీ పట్టుకుంది. క్వారీ ప్లీడరు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఆమె ఒకటే చెప్పింది. సైరను మోగలేదు. మోగితే తను పరుగెత్తేది. అందరూ పరుగెత్తేవాళ్ళు. ఆమె తర్వాత వీరరాఘవమ్మ ఎక్కింది. పక్కన ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేని మనిషి. కొడుకు పేరు చెప్పమంటే చెప్పి, ఆ తర్వాత ఒక్క మాట కూడా పూర్తిగా అనలేకపోయింది.

తీర్పు తర్వాతెప్పుడో వచ్చింది. మేస్త్రీ అంకారావుకు శిక్ష పడింది. యజమాని పై కోర్టుకు పోయాడు. ఆ రోజు మాత్రం ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

బయట గేటు దగ్గర యల్లమంద తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. క్వారీ నుంచి అతన్ని తీసేశారు. చెల్లెలు దగ్గరకు రాగానే, "బస్టాండు దాకా వస్తా పా," అన్నాడు. ఆమె తన సంచీ అతని చేతికిచ్చింది.

బస్టాండులో రామాయమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఇంకా నీరసంగానే ఉంది గానీ, ఆసరా లేకుండా కూర్చోగలుగుతోంది. ప్రేమకుమారి చెన్నమ్మను పక్కకు పిలిచి కొత్త పద్ధతి చెప్పింది. ఇక ఎవరికీ అడ్రసు ఇవ్వరనీ, కబురే చేరుస్తారనీ, ఈసారి పేరు రాయించుకుంటే భయం ఉండదనీ.

చెన్నమ్మ అంతా విన్నది. చెప్పే మనిషి మంచిదేనని నమ్మినట్టే తల ఊపింది.

"వద్దులేమ్మా," అంది చివరకు. "అమ్మ ఇప్పుడు నాకాడనే ఉంటది. నాకు కబురు పంపేవాళ్ళు ఇంకెవరున్నారు?"

బస్సు వచ్చింది. యల్లమంద తల్లిని ఎత్తి మెట్లెక్కించి, తనూ ఎక్కాడు. చెన్నమ్మ కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. బస్సు ముందు బోర్డు మీద ఊరి పేరు రాసి ఉంటుంది. ప్రేమకుమారి అటువైపు వెళ్ళలేదు. బస్సు మలుపు తిరిగేదాకా వెనకవైపే నిలబడింది.